నా చేతి గడియారానికి సంజాయిషీ అడిగారు, మంత్రిగారి ఫోనుకు ఎవరు అడుగుతారు? – అమెరికాలో ఓటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికా పౌరసత్వం తీసుకుని ఇక్కడ ఓటు వేస్తున్న తెలుగు సోదర సోదరీమణులకు,

నమస్కారం.

రహస్య సమాచారం విషయంలో కింది ఉద్యోగికి ఒక నియమం, మంత్రులకు ఇంకొకటి ఎందుకన్నదే ఈ ఉత్తరం. ఇది నిజానికి మీకు రాయవలసింది కాదు. మొదట ఇంగ్లీషులో రాసి, నేనున్న నియోజకవర్గం ప్రతినిధి కార్యాలయానికి రెండుసార్లు, సెనేటర్ కార్యాలయానికి ఒకసారి పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి వచ్చింది: జాతీయ భద్రత మీద నాకున్న శ్రద్ధకు ధన్యవాదాలు, కింద అచ్చు సంతకం. నేను అడిగిన ఐదు ప్రశ్నల్లో ఒక్కదాని ఊసూ లేదు. మూడోదానికి నెల తిరగకుండానే విరాళం అడుగుతూ ఈమెయిల్ వచ్చింది. ఒక్కరు రాస్తే చెత్తబుట్టలోకి పోయే ప్రశ్న, రెండు వందల మంది ఎదురుగా నిలబడి అడిగితే పోదు. అందుకే ఈసారి తెలుగులో, మీకు రాస్తున్నాను.

నేనెవరో చెప్పుకోవాలి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2003లో హెచ్‌1బీ మీద వచ్చాను. పౌరసత్వం వచ్చాక, వాషింగ్టన్ చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే ఎంతోమంది మనవాళ్ళలాగే ప్రభుత్వ కాంట్రాక్టు పనిలో చేరాను. డేటాబేస్ పని. రహస్య సమాచారం ఉండే గదిలో కూర్చోవాలి కాబట్టి క్లియరెన్స్ కావలసి వచ్చింది. ఎనిమిదేళ్ళు చేసి మానేశాను. ఆ గదిలో ఏం చూశానో ఈ ఉత్తరంలో ఒక్క ముక్క ఉండదు. చెప్పనని సంతకం పెట్టాను, ఉద్యోగం పోయినా ఆ సంతకం పోదు.

క్లియరెన్స్ అంటే తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. రహస్య సమాచారం చూడనిచ్చే ప్రభుత్వ అనుమతి అది. దానికి ఎస్‌ఎఫ్‌-86 అని ఒక ఫారం ఉంది, నూరు పేజీలకు పైనే ఉంటుంది. పదేళ్ళుగా ఉన్న ఇళ్ళు, చేసిన ఉద్యోగాలు, ఏడేళ్ళలో కట్టలేకపోయిన అప్పులు, వెళ్ళొచ్చిన దేశాలు, అమ్మానాన్నలు, అత్తమామలు, తోబుట్టువులు, వాళ్ళ పుట్టినరోజులు అన్నీ రాయాలి. మా అమ్మ పుట్టినరోజు ఆమెకే తెలియదు, కృష్ణకు వరదొచ్చిన ఏడు అని మాత్రమే చెబుతుంది. మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ పింఛను పుణ్యమా అని ఆ ఫారంలో ఆయన 'విదేశీ ప్రభుత్వంతో సంబంధం ఉన్న వ్యక్తి' అయిపోయారు. విద్యుత్ శాఖలో పనిచేసే మా బావగారిదీ అదే గతి. ఊళ్ళో ఎకరం పావు మాగాణిలో నా వాటా ఎంత, కౌలు ఎవరి ఖాతాలో పడుతుంది అని కూడా చెప్పవలసి వచ్చింది. ఇన్వెస్టిగేటర్ ఎదురుగా మూడు గంటలు కూర్చున్నాను. "మీ నాన్నగారు ఉద్యోగంలో ఎవరికి జవాబుదారీ?" అని అడిగాడు. "హెడ్‌మాస్టర్‌కి" అన్నాను. ఆయన నవ్వకుండా రాసుకున్నాడు.

ఇక గడియారం సంగతి. రహస్య గదిని అక్కడ అందరూ స్కిఫ్ అంటారు. బయట గోడకు బ్యాంకు లాకర్లలాగా చిన్న చిన్న అరలుంటాయి. ఫోను, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, సంకేతం పంపగలిగిన ఏ వస్తువైనా అక్కడే పెట్టి తాళం వేసి లోపలికి పోవాలి. ఒక సోమవారం ఉదయం, మా అమ్మాయి పుట్టినరోజు కానుకగా కొనిచ్చిన గడియారం చేతికి ఉండగానే లోపలికి వెళ్ళిపోయాను. అడుగులు లెక్కపెట్టే రకం. కుర్చీలో కూర్చుని కంప్యూటర్‌లోకి ప్రవేశించేసరికి మణికట్టు మీద అది సన్నగా వణికింది, లేచి నాలుగడుగులు నడవమని. నాకు ఒళ్ళంతా చల్లబడింది. నిజంగానే లేచి నడిచాను, భద్రతాధికారి దగ్గరికి. మొత్తం నాలుగు నిమిషాలు.

గడియారం తీసుకున్నారు, తిరిగి ఇవ్వలేదు. రెండు వారాలు గదిలోకి రానివ్వలేదు. రెండు పేజీల సంజాయిషీ రాయించుకున్నారు. శిక్షణ మళ్ళీ అఆల నుంచి. నా ఫైలులో ఒక కాగితం చేరింది. "మీ అంతట మీరే వచ్చి చెప్పారు కాబట్టి సరిపోయింది. వేరేవాళ్ళు చూసి చెప్పి ఉంటే మీరు ఇవాళే ఇంటికి" అన్నారు. నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు. ఆ నిబంధన సరైనదే. ఎవరో ఒకరి గడియారంలోంచి ఎవరో ఒకరు వినగలరు కాబట్టే ఆ అరలు పెట్టారు.

కోపం వచ్చింది 2025 మార్చిలో.

అప్పటి జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్, యెమెన్‌లో హూతీ తిరుగుబాటుదారుల మీద చేయబోయే దాడుల గురించి మాట్లాడుకోవడానికి సిగ్నల్ యాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. ఉపాధ్యక్షుడు వాన్స్, రక్షణ మంత్రి హెగ్సెత్, విదేశాంగ మంత్రి రూబియో, సీఐఏ డైరెక్టర్ రాట్‌క్లిఫ్, నిఘా సంస్థలన్నిటి పైన ఉండే తులసీ గబ్బార్డ్ అందులో ఉన్నారు. పిలవని పేరంటానికి వచ్చినట్టు 'ది అట్లాంటిక్' పత్రిక సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్ కూడా ఉన్నారు. ఆయన రాలేదు, వీళ్ళే పొరపాటున చేర్చారు. అంతమంది అధికారుల్లో ఒక్కరూ ఆ పేరు గమనించలేదు.

మార్చి 15, శనివారం. ఉదయం 11:44కు హెగ్సెత్ ఆ గ్రూపులో ఒక సందేశం పెట్టారు. 12:15కు ఎఫ్‌-18 యుద్ధవిమానాలు బయలుదేరతాయి. 1:45కు మొదటి దాడి మొదలవుతుంది. 2:15కు డ్రోన్లు లక్ష్యం మీదికి వస్తాయి. 3:36కు ఎఫ్‌-18ల రెండో విడత, సముద్రం నుంచి టోమహాక్ క్షిపణులు. ఆ సందేశం పెట్టేసరికి మొదటి విమానం లేవడానికి ఇంకా ముప్పై ఒక్క నిమిషాలుంది. గోల్డ్‌బర్గ్ ఒక సూపర్‌మార్కెట్ పార్కింగులో కారులో కూర్చుని, ఇది నిజమో ఎవరైనా ఆడుతున్న నాటకమో తేల్చుకోలేక ఎదురుచూశారు. రెండు గంటలకు కాస్త ముందు యెమెన్ రాజధాని సనాలో పేలుళ్ళని వార్తలు మొదలయ్యాయి. చేతిలో ఆ సమాచారం పెట్టుకుని, దాడులు ముగిసేదాకా ఆ పాత్రికేయుడు నోరు మెదపలేదు. ఆ గ్రూపులో రహస్యం కాపాడినవాడు రహస్యాలతో ఏ సంబంధమూ లేనివాడొక్కడే.

సిగ్నల్‌లో సందేశం దారిలో ఎవరికీ చిక్కదు కదా అని మా అబ్బాయి వాదించాడు. నిజమే, దారిలో చిక్కదు. కానీ ఫోనే పరుల చేతిలో ఉంటే? సొంత ఫోనులో ఎవరో దొంగచాటుగా దూరి ఉంటే తెర మీద కనిపించేదంతా వాళ్ళకూ కనిపిస్తుంది. తాళం ఎంత గట్టిదైనా దొంగ ముందే ఇంట్లో ఉంటే ఏం లాభం? మంత్రి ఫోను కన్నా నా గడియారం మీద శత్రువుకు ఆసక్తి ఎక్కువ ఉంటుందా?

తర్వాత జరిగింది మీలో చాలామంది టీవీలో చూశారు. మార్చి 25న సెనేట్ కమిటీ ముందు గబ్బార్డ్, రాట్‌క్లిఫ్ అందులో రహస్య సమాచారం లేదన్నారు. మర్నాడు పత్రిక ఆ సందేశాలను యథాతథంగా అచ్చువేసింది. మే 1న వాల్ట్జ్‌ను ఆ పదవి నుంచి తప్పించారు, అదే రోజు ఐక్యరాజ్యసమితి రాయబారిగా పేరు ప్రకటించారు, సెప్టెంబరులో సెనేట్ ఆమోదించింది. సెనేట్ సాయుధ దళాల కమిటీ నుంచి రిపబ్లికన్ రోజర్ వికర్, డెమొక్రాట్ జాక్ రీడ్ కలిసి విచారణ కోరితే రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ (శాఖ తప్పులు విచారించే తనిఖీ అధికారి) పరిశీలించి 2025 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. మంత్రి ముఖాముఖి విచారణకు కూర్చోలేదు, రాతపూర్వకంగా ఒక ప్రకటన పంపారు. దాడులకు రెండు నుంచి నాలుగు గంటల ముందు ఆ వివరాలను సొంత ఫోనులో పంపడం శాఖ నిబంధనలకు విరుద్ధమని, దానివల్ల పని చెడిపోయి అమెరికన్ పైలట్లకు హాని జరిగే ప్రమాదం ఏర్పడిందని నివేదిక తేల్చింది. ఆ వివరాలు దాడులు నడిపిన సైనిక విభాగం సెంట్రల్ కమాండ్ నుంచి వచ్చినప్పుడు వాటి మీద 'సీక్రెట్' ముద్ర ఉందనీ చెప్పింది. అయితే ఆ ముద్ర తీసేసే అధికారం మంత్రికి ఉందట. ఆ ఒక్క వాక్యం పట్టుకుని తాను పూర్తిగా నిర్దోషినని తేలిపోయిందని మంత్రి ప్రకటించుకున్నారు. పదవికి ఏమీ కాలేదు.

ఇక్కడే మన వాట్సాప్ గ్రూపుల్లో యుద్ధం మొదలవుతుంది. ఒకరు "హెగ్సెత్" అనగానే ఇంకొకరు "హిల్లరీ సర్వర్ మరిచిపోయారా?" అంటారు. ఆయన "మార్‌-అ-లాగో బాత్‌రూమ్?" అంటే ఈయన "బైడెన్ గ్యారేజీ?" అంటారు. అన్నీ నిజాలే. హిల్లరీ క్లింటన్ విదేశాంగ మంత్రిగా ఇంట్లో పెట్టుకున్న సర్వర్ మీద నడిపిన ఉత్తరాల్లో 110 ఈమెయిళ్ళు పంపిన నాటికే రహస్య సమాచారం ఉన్నవని 2016 జులై 5న ఎఫ్‌బీఐ డైరెక్టర్ కోమీ చెప్పారు. అత్యంత అజాగ్రత్త అన్నారు, అభియోగం వద్దన్నారు. ట్రంప్ 2021లో పదవి దిగాక పెట్టెలు ఫ్లోరిడాలోని తన మార్‌-అ-లాగో నివాసానికి తీసుకుపోయారు. 2022 ఆగస్టు సోదాలో రహస్య ముద్ర ఉన్న కాగితాలు వందకు పైగా దొరికాయి. ఆయన మీద పెట్టిన అభియోగపత్రంలో షాండ్లియర్ కింద, కమోడ్ పక్కన పేర్చిన పెట్టెల ఫొటో ఉంది. ఆ కేసులో సాక్ష్యం వినకుండానే, ప్రత్యేక న్యాయవాది నియామకం చెల్లదంటూ 2024 జులైలో న్యాయమూర్తి కొట్టేశారు. ఎన్నికల్లో గెలిచాక అప్పీలూ పోయింది. బైడెన్ గ్యారేజీలో దొరికిన కాగితాల మీద ప్రత్యేక న్యాయవాది హర్ 2024 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చి, అభియోగం పెట్టనక్కరలేదన్నారు. మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఇండియానా ఇంట్లోనూ దొరికాయి. ఆయనంతట ఆయనే చెప్పారు, కేసు లేకుండా ముగిసింది.

ఈ నాలుగింటికీ తేడాలున్నాయి. అడిగినప్పుడు ఇచ్చేసినవాడూ, అడిగినా దాచుకున్నాడని ఆరోపణ ఎదుర్కొన్నవాడూ ఒకటి కారు. ఆ తేడాలు తేల్చవలసింది విచారణలో. "మీవాడు చేయలేదా?" అనే ప్రశ్న విచారణ కాదు, ఇద్దర్నీ వదిలేయడానికి మనం కుదుర్చుకున్న ఒప్పందం. మన గ్రూపులో ఈ వాదన మూడు రోజులు నడిచి, చివరికి అడ్మిన్ గారు ఎవరిదో గృహప్రవేశం ఫొటోలు పెట్టడంతో ఆగింది.

ఇక ఈ పేర్లు కూడా చూడండి. రియాలిటీ విన్నర్, నాలాగే కాంట్రాక్టు ఉద్యోగిని. ఒకే ఒక్క నివేదిక పత్రికకు పంపినందుకు 2018లో ఐదేళ్ళ మూడు నెలల శిక్ష. జాక్ టెషేరా, మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్ కుర్రాడు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో స్నేహితుల ముందు గొప్పలకు పోయి కాగితాలు పెట్టాడు. 21 ఏళ్ళకు అరెస్టు, 2024 నవంబరులో పదిహేనేళ్ళు. మధ్యలో సీఐఏ మాజీ డైరెక్టర్ జనరల్ పెట్రేయస్. రహస్యాలున్న నోటు పుస్తకాలు తన జీవితచరిత్ర రాస్తున్న వ్యక్తికి ఇచ్చి, ఇవ్వలేదని ఎఫ్‌బీఐకి చెప్పారు. రహస్య సమాచారం అనుమతి లేకుండా దగ్గర పెట్టుకున్నారన్న నేరానికి 2015లో రెండేళ్ళ ప్రొబేషన్, లక్ష డాలర్ల జరిమానా. జైలు లేదు.

విన్నర్, టెషేరా కావాలని చేశారు, నాయకులది అజాగ్రత్త అంటారు. ఆ తేడా నేను కాదనను. కానీ గూఢచర్య చట్టంలో ఘోరమైన నిర్లక్ష్యం కూడా నేరమే, పదేళ్ళ దాకా శిక్ష ఉంది. రహస్య కాగితాలు అనుమతి లేకుండా తీసుకుపోతే అప్పటిదాకా ఒక ఏడాదిగా ఉన్న శిక్షను 2018 జనవరిలో ఐదేళ్ళకు పెంచారు. ఆ చట్టం మీద సంతకం చేసింది ట్రంపే. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ. మన అమ్మమ్మలకు ఈ చట్టం సెక్షన్లు తెలియవు గానీ దాని అమలు మాత్రం బాగా తెలుసు.

దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతుందో ప్రతినిధికి రాసిన ఉత్తరంలోనూ ఇలాగే వరుసగా పెట్టాను.

1. విమానంలో ఉన్నవాళ్ళు. ఆ దాడుల రోజు ఎర్రసముద్రంలో హ్యారీ ట్రూమన్ అనే విమానవాహక నౌక ఉంది. హూతీల దగ్గర ఆకాశంలో విమానాన్ని కొట్టే క్షిపణులున్నాయి. అమెరికా ఎంక్యూ-9 డ్రోన్లను వాళ్ళు ఎన్నో కూల్చారు. ఏ గంటకు వస్తారో ముందే తెలిసిన శత్రువు రెండు పనులు చేయగలడు: దాక్కోవడం, కాచుకుని కూర్చోవడం. మా గుడిలో శ్రీరామనవమికి పానకం పంచే ఒక కుర్రాడు ఇప్పుడు నౌకాదళంలో ఉన్నాడు. ఏ ఓడ మీద ఉన్నాడో, ఏ రేవులో ఆగుతుందో వాళ్ళమ్మకే చెప్పడు. ఆమె అడగడం మానేసింది. "చెప్పకూడదంటాడు, అడిగి వాణ్ణి ఇబ్బంది పెట్టడమెందుకు" అంటుంది. ఆ తల్లి పాటించిన నియమం మంత్రి పాటించలేదు.

2. కింది ఉద్యోగులు. ఈ దేశంలో క్లియరెన్స్ ఉన్నవాళ్ళు నలభై లక్షల దాకా ఉంటారు. కాంట్రాక్టు ఉద్యోగికి క్లియరెన్స్ ఆపితే పని ఆగుతుంది, పని ఆగితే జీతం ఆగుతుంది. ఇంటి వాయిదా ఆగదు. తప్పు లేదని తేలేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు. నాతో పనిచేసిన ఒకాయన మీద ఏదో పొరపాటు అనుమానం వచ్చింది. ఏడు నెలల తర్వాత ఏమీ లేదని ఒక ఉత్తరం వచ్చింది. అప్పటికి ఆయన ఇల్లు అమ్మేసి వేరే రాష్ట్రం వెళ్ళిపోయాడు. పైవాళ్ళకు ఏమీ కాదని ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. ఇక గడియారం పెట్టుకుని లోపలికి వెళ్ళినవాళ్ళు తమంత తాముగా వచ్చి ఎందుకు చెబుతారు? తప్పు ఒప్పుకుంటేనే ఈ వ్యవస్థ నడుస్తుంది. భయం మాత్రమే మిగిలితే అందరూ దాచుకుంటారు.

3. మనం. పైన ఎప్పుడు నమ్మకం చెడినా, కింద తనిఖీ బిగిస్తారు. బిగించినప్పుడు మొదట కనిపించేది విదేశంలో తల్లిదండ్రులున్నవాళ్ళే. తెనాలిలో పింఛను తీసుకునే పండితుడి కూతురు అనుమానితురాలు. ఇది నా భయం, రుజువు చూపించలేను. కానీ ఆ ఫారం నింపిన తెలుగువాళ్ళెవరినైనా అడగండి.

4. చనిపోయినవాళ్ళ లెక్క. ఆ మొదటి దాడుల్లో 53 మంది చనిపోయారని హూతీల ఆరోగ్య శాఖ చెప్పింది. హూతీల క్షిపణి ముఖ్యుడు తన స్నేహితురాలి భవనంలోకి వెళ్ళాడని, ఇప్పుడు ఆ భవనం కూలిపోయిందని వాల్ట్జ్ ఆ గ్రూపులోనే రాశారు. జవాబుగా అభినందనలు వచ్చాయి. ఆ భవనంలో ఇంకెవరున్నారు? తేల్చాలంటే కాగితం కావాలి. కానీ ఆ గ్రూపులో కొన్ని సందేశాలు వారానికి, కొన్ని నాలుగు వారాలకు వాటంతటవే చెరిగిపోయేటట్టు పెట్టుకున్నారు. సొంత ఖాతాలో ప్రభుత్వ పని చేస్తే ఇరవై రోజుల్లో దాని ప్రతిని ప్రభుత్వ ఖాతాలోకి చేర్చాలని చట్టం చెబుతోంది. సందేశాలు భద్రపరచమని మార్చి 27న ఫెడరల్ న్యాయమూర్తి బోస్‌బర్గ్ ఆదేశించాక, రాట్‌క్లిఫ్ ఖాతాలో చెప్పుకోదగ్గ సందేశాలేవీ మిగల్లేదని సీఐఏ కోర్టుకు చెప్పింది. రేపు యుద్ధం గురించి మన పిల్లలు అడిగితే చూపించడానికి ఆ రాతలు ఉండవు.

5. రహస్యం అన్న మాటే చులకనవుతుంది. ప్రభుత్వానికి సమాచారం కోసం అర్జీ పెట్టుకున్న పౌరుడికి నల్లరంగు పూసిన పేజీలు వస్తాయి. అదే ముద్ర మంత్రి సొంత ఫోనులో కరిగిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. మా వీధిలో ఉండే ఒక లాయరుగారు ఈ ఉత్తరం చూసి పెదవి విరిచారు. రహస్యాల మీద అధికారం అధ్యక్షుడిదని 1988లో సుప్రీంకోర్టు ఒక నౌకాదళ ఉద్యోగి కేసులో చెప్పింది, పదవీ విధుల్లో చేసిన పనులకు అధ్యక్షుడిని నేరవిచారణ చేయడం చాలావరకు కుదరదని 2024 జులై 1న అదే కోర్టు చెప్పింది, ఇక కాంగ్రెస్ ఏం చేయగలదు అన్నారు. ఆయన చెప్పింది సగమే నిజం. అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేసి వెళ్ళిపోయాక, అధ్యక్షుడి కాగితాలు ఆయన సొంత ఆస్తి కావని 1978లో చట్టం చేసింది కాంగ్రెసే. మంత్రుల నియామకాలు ఆమోదించేది సెనేటే. డబ్బు మంజూరు చేసేది కాంగ్రెసే. ప్రమాణం చేయించి ప్రశ్న అడిగే అధికారం రెండు సభలకూ ఉంది. చేయలేకపోవడం వేరు, చేయకపోవడం వేరు. నేను ఎవరికీ జైలు అడగడం లేదు. నాకు జరిగినంత జరగాలని మాత్రమే అడుగుతున్నాను.

డిమాండ్లు ఇవి.

ఒకటి. మంత్రి స్థాయి వ్యక్తి రహస్య సమాచార నిబంధనలు మీరినట్టు ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చిన అరవై రోజుల్లో, ఆ వ్యక్తి సంబంధిత కమిటీ ముందు ప్రమాణం చేసి బహిరంగంగా జవాబు చెప్పాలి. రాసి పంపిన ప్రకటన చాలదు. నా దగ్గర రెండు పేజీలు రాయించుకున్నాక కూడా గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు.

రెండు. విచారణ నడిచినన్నాళ్ళూ కింది ఉద్యోగికి ఏ గదులు మూతపడతాయో పైవాడికీ అవే మూతపడాలి. పదవి అలా ఉన్నా ఉండనివ్వండి, ఆ పనిని ఉపమంత్రి చూసుకోగలరు.

మూడు. రహస్య ముద్ర తీసే అధికారం ఉంటే వాడుకోండి. కానీ సమాచారం బయటికి వెళ్ళకముందే, ఎవరు, ఏ కారణంతో, ఏ గంటకు తీశారో రాతలో ఉండాలి. బయటపడ్డాక "నేను మనసులోనే తీసేశాను" అంటే చెల్లకూడదు. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. మిగతా వాటిలో బేరం ఆడినా దీనిలో ఆడవద్దని మనవి.

నాలుగు. ప్రభుత్వ పని మీద చెరిగిపోయే సందేశాలు పూర్తిగా నిషేధం. మీరితే జరిమానా సొంత జేబులోంచి.

ఐదు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, మంత్రులు పదవి దిగేముందు, ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే జాతీయ ఆర్కైవ్స్ సిబ్బంది వచ్చి పెట్టెలు చూడాలి. ట్రంప్, బైడెన్, పెన్స్ ముగ్గురి ఇళ్ళలోనూ దొరికాక కూడా దీన్ని వాళ్ళ మర్యాదకే వదిలేస్తే తప్పు ఇక మనదే.

ఆరు. పొరపాటున సమాచారం చేతికొచ్చిన పాత్రికేయుడి మీద, తప్పు తనంత తాను చెప్పిన ఉద్యోగి మీద కక్ష కట్టకూడదు.

ఇక మీరు చేయగలిగింది. 2026 నవంబరులో ప్రతినిధుల సభ మొత్తానికి, సెనేట్‌లో మూడోవంతుకు ఎన్నికలున్నాయి. అభ్యర్థులు మన దగ్గరికి వస్తారు. ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. ఉగాదికి శాలువా కప్పించుకుంటారు, బతుకమ్మ ముందు రెండడుగులు వేస్తారు, దీపావళికి దీపం వెలిగిస్తారు, పులిహోర బాగుందంటారు. మనం ఫొటో దిగి, గ్రీన్ కార్డు వరుస గురించి అడుగుతాం. అడగాలి కూడా, మా తమ్ముడు పద్నాలుగేళ్ళుగా ఆ వరుసలోనే ఉన్నాడు. ఫొటోకూ ఆ ప్రశ్నకూ మధ్య ఇంకొక్క నిమిషం తీసుకుని ఇది అడగండి: "మీ పార్టీవాడే రహస్య సమాచారం నిర్లక్ష్యంగా వదిలేస్తే, ప్రమాణం చేయించి బహిరంగ విచారణ పెట్టడానికి ఓటు వేస్తారా?" అవును, కాదు, రెండే జవాబులు. "మంచి ప్రశ్న" అనేది జవాబు కాదు.

'మీ పార్టీవాడే' అన్న మాట వదలవద్దు. రిపబ్లికన్‌ను హిల్లరీ గురించి, డెమొక్రాట్‌ను హెగ్సెత్ గురించి అడిగితే ఇద్దరూ ఉత్సాహంగా ప్రసంగం చేస్తారు, మనకు ఒరిగేదేమీ లేదు. జవాబును తేదీతో సహా రాసిపెట్టుకోండి. సంఘాల పెద్దలకు ఒక మాట: అభ్యర్థిని వేదిక మీదికి పిలిచేముందే ఈ ప్రశ్న ఉంటుందని చెప్పండి. రానంటే శాలువా ఖర్చు మిగులుతుంది.

డిమాండ్ల ఇంగ్లీషు ప్రతి ఒక పేజీలో సిద్ధంగా ఉంది. రెండు పార్టీల అభ్యర్థుల చేతుల్లోనూ పెట్టవచ్చు. ఎవరి పేరునూ తిట్టలేదు.

ఇప్పుడు క్లియరెన్స్‌తో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు ఈ ఉత్తరం కింద ఏమీ రాయకండి, మీ పేరుతో ఎవరికీ పంపకండి. మీకు తెలిసింది మీ దగ్గరే ఉంచుకోండి. ఇల్లు, పిల్లల చదువులు ఆ ఉద్యోగం మీదే నడుస్తున్నాయని నాకు తెలుసు. గుడి మెట్ల దగ్గర నిలబడి అడగడానికి నాలాగా మానేసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మీరు నవంబరులో ఓటు వేసి రండి.

ఇట్లు,
ఒక మాజీ కాంట్రాక్టు ఉద్యోగిని,
వాషింగ్టన్ పరిసరాలు